ఎడమ కంటి ఏడుపు

ఒక కంటితో ఎవరైనా ఏడుస్తారా అని, మామగారు పోయాక గడిచిన ఆ ఎనిమిది నెలల్లో ఒక్కరూ అడగలేదు. దుఃఖంలో ఉన్న మనిషి కళ్ళు లెక్కపెట్టడం మర్యాద కాదనుకున్నారో ఏమో. పెద్దకోడలి ఎడమ కన్ను కారుతూనే ఉండేది. కుడి కన్ను మాత్రం ఆ గొడవతో తనకేం సంబంధం లేనట్టు పొడిగా చూస్తూ ఉండేది.

ఆ ఇంటి కింది భాగంలో ముందంతా దర్జీ దుకాణం, వెనక అత్తమామల గది, వంటిల్లు. వీధి వైపు గాజు తలుపు, గోడ వారగా మూడు మిషన్లు, మధ్యలో ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకోగలిగినంత కటింగ్ బల్ల. ఆ బల్ల మామగారిది. వీధిలో ఆయన్ని అంగుళం మాస్టారు అనేవారు. పావు అంగుళం తేడా వచ్చిందంటే పూర్తయిన చొక్కా అయినా సరే, కుట్లన్నీ విప్పించేవారు. ఇద్దరు కొడుకులూ సూదికి భయపడి ఒకడు ప్రెస్సులో, ఒకడు బస్సు డిపోలో చేరిపోయారు. మిగిలింది కోడళ్ళు.

పెద్దకోడలు కాజాలు తీసేది, గుండీలు, అంచులు కుట్టేది. ఇరవై ఏళ్ళలో ఆయన నోటి నుంచి ఆమె విన్న అతి పెద్ద మెచ్చుకోలు "ఈసారి ఫరవాలేదు." చిన్నకోడలు వచ్చి తొమ్మిదేళ్ళే. వచ్చిన రెండో ఏడే ఆయన ఆమె చేతికి సుద్దముక్క ఇచ్చి బట్ట మీద గీత గీయమన్నారు. ఇంకో ఏడాదికి తన కత్తెర ఇచ్చారు. నల్ల పిడి, బరువైన ఇనుము, ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోకూడని కత్తెర అది. ఆ రోజు పెద్దకోడలికి లోపల గుండుసూది గుచ్చుకున్నట్టయింది. పైకి మాత్రం "మంచిదేగా" అంది.

కన్ను కారడం మామగారు పోవడానికి రెండు నెలల ముందే మొదలైంది. ఆయనకు తెలిస్తే ఏమంటారో ఆమెకు తెలుసు. "కంటిని నమ్మలేనివాళ్ళ చేతిలో సూదెందుకమ్మా" అంటారు. అందుకని వెలుతురు కళ్ళలో పడుతోందని చెప్పి తన మిషను తిప్పించుకుంది, ఎడమ చెంప గోడవైపు ఉండేట్టు. తుడుచుకోవడానికి ఒడిలో ఒక గుడ్డ. గోడ ఎవరికీ చెప్పదు కదా.

తర్వాత ఒక ఉదయం బల్ల మీద సుద్దగీత సగంలో ఉండగానే మామగారు కుర్చీలో కూలబడ్డారు. డాక్టరు వచ్చేలోపే అయిపోయింది.

ఆ మధ్యాహ్నానికి ఇల్లు నిండిపోయింది. పెద్దకోడలు అత్తగారి పక్కన కూర్చుంది. ఆమె ఏమాలోచిస్తోందో బయటికి తెలిసే వీలు లేదు గనుక సరిపోయింది. సాయంత్రానికి ఇవ్వాల్సిన నీలం కోటుకి ఇంకా ఆరు గుండీలు కుట్టాలి. ఆ గుండీలు లెక్కపెడుతుంటే, ఎవరూ పిలవకుండానే ఇంకో మాట వచ్చి కూర్చుంది. ఇంక విప్పించేవాళ్ళు లేరు. ఆ మాట వెనకే ఒక హాయి, బిగుతు చొక్కా గుండీ తీసినప్పటి హాయి. ఆమెకే భయమేసింది. ఎడమ కన్ను మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. దుమ్ముకో, జనం తాకిడికో ఆ రోజు మరీ ధారగా కారింది.

అత్తగారు చూశారు. పెద్దకోడలి తలను భుజానికి అదుముకుని, "చూశారా, నా కడుపున పుట్టకపోయినా కూతురు లేని లోటు తీరుస్తోంది నా తల్లి" అన్నారు.

చిన్నకోడలు వంటింటికీ ముందుగదికీ మధ్య తిరుగుతోంది. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు, ముసలివాళ్ళకి కుర్చీలు. కళ్ళలో చుక్క లేదు. ముక్కు మాత్రం ఎర్రగా కందిపోయింది, నిమిషానికోసారి ఎగబీలుస్తోంది.

అత్తగారి అక్కకి ఇంటిల్లిపాదీ పెట్టుకున్న పేరు మైకు. ఆవిడ గుసగుసలాడినా పక్క వీధికి వినపడుతుంది. "ఆ చిన్నది చూడవే, కంట తడి లేదు. కత్తెర చేతికొచ్చాక ఇంక మావగారితో పనేముందిలే!" అంది.

గ్లాసులు తీసుకెళుతున్న చిన్నకోడలు ఆగింది. "జలుబు చేసింది పెద్దత్తయ్యా" అని మాత్రం అని లోపలికెళ్ళిపోయింది. అన్నదానికీ చెప్పిందానికీ పొంతన లేదు.

మైకు పెద్దకోడలి వైపు తిరిగింది. "నీ తోడికోడలు ఎప్పుడూ ఇంతేనటే?"

కాదు అంటే సరిపోయేది. ఊరుకున్నా సరిపోయేది. పెద్దకోడలు ఎడమ కన్ను తుడుచుకుని, "దాని తీరే అంత, పోనివ్వండి పెద్దత్తయ్యా" అంది. ఐదంటే ఐదు మాటలు. అదీ క్షమించేసినట్టు, మెత్తటి గొంతుతో. తర్వాత ఆమె ఎప్పుడు తలుచుకున్నా మాటలకన్నా ఆ మెత్తదనమే ఎక్కువ గుచ్చుకునేది.

రెండు వారాలకు అత్తగారు దుకాణంలోకి వచ్చి, కటింగ్ బల్ల మీద నుంచి కత్తెర తీసి పెద్దకోడలి ఒళ్ళో పెట్టారు. "ఆయన కోసం ఏడ్చినదాని దగ్గరే ఉండాలి ఇది." చిన్నకోడలు ఒక కాలరు ఇస్త్రీ చేస్తోంది. ఆ కాలరు పూర్తిచేసి, పెట్టె నిలబెట్టి, మేడ మీదికెళ్ళిపోయింది. తర్వాతి సోమవారం వెనక వీధిలోని రెడీమేడ్ దుకాణంలో ప్యాంట్ల పొడవు తగ్గించే పనికి కుదిరింది. "కుట్టే చెయ్యి ఎక్కడైనా కుడుతుంది" అంది అంతే.

పెద్దకోడలికి కటింగ్ రాదు. కత్తెర మెత్తటి గుడ్డలో చుట్టుకుని బీరువాలో పడుకుంది. బయటి నుంచి ఒక కటింగ్ మాస్టరుని పెట్టారు, అతను నెలకే మానేశాడు. రెండోవాడు కుడి చేతికీ ఎడమ చేతికీ వేర్వేరు పొడవులు కోశాడు. పాతికేళ్ళ నుంచి వచ్చే మనుషులు గాజు తలుపు దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయేవారు.

పెద్దకోడలి పేరు మాత్రం పెరిగింది. ఇంక మిషను గోడవైపు ఉంచాల్సిన అవసరం కూడా లేకపోయింది. "ఇంకా ఏడుస్తున్నావా తల్లీ" అని దారిన పోయేవాళ్ళు గాజు తలుపులోంచి పలకరించేవారు. ఎదురింటావిడ తన కోడలితో, "నేను పోతే నువ్వు అలా ఏడుస్తావా?" అని అడిగి పెద్ద రభస తెచ్చుకుంది. పెద్దకోడలు కంటి డాక్టరు దగ్గరికి రేపు వెళదాం, ఎల్లుండి వెళదాం అనుకునేది. నిజం చెప్పాలంటే వెళదామని అనుకోలేదు. నీరు ఆగితే ఆ పలకరింపూ ఆగుతుంది.

చివరికి ఆమెను డాక్టరు దగ్గరికి పంపింది శాటిన్ బట్ట. లాయరమ్మ కూతురి పెళ్ళి గౌను, మీగడ రంగు. అంచు కుడుతుంటే ఒక చుక్క పడింది, తుడిచేలోపు ఇంకొకటి. ఆరాక కందిబద్దంత రెండు వలయాలు తేలాయి. ఇస్త్రీ చేస్తే ఇంకా స్పష్టమయ్యాయి.

"ఇవేంటమ్మా?" అంది లాయరమ్మ.

అత్తగారు కలగజేసుకున్నారు. "మావారిని తలుచుకుంటే దాని కన్ను ఆగదమ్మా. ఏడ్చి ఏడ్చి కన్ను పాడుచేసుకుంటోంది పిచ్చిది."

"మాస్టారంటే నాకూ గౌరవమేనండీ. అలాగని మా పిల్ల పెళ్ళి గౌను మీదా ఏడవడం? గురువారానికి ఇది బాగుచేయండి. ముందు ఆ కన్ను ఎవరికైనా చూపించండి."

సాయంత్రం పని నుంచి వచ్చిన చిన్నకోడలు మెట్లెక్కబోతూ ఆగి, బట్ట వైపు చూసింది. ఎవరూ అడగకుండానే చేతిసంచి కిందపెట్టి, గౌను తిరగేసి, లోపలి వైపు నుంచి ఆ మేరంతా ఆవిరి పట్టింది. పావుగంటకి వలయాలు బట్టలో కలిసిపోయాయి. "పైనుంచి పెట్టె వెయ్యకక్కా. ముద్ర బిగుసుకుంటుంది" అని సంచి తీసుకుని పైకెళ్ళిపోయింది.

కంటిలో చుక్కలు వేస్తారు, తోడు కావాలి. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. "నువ్వెళ్ళు, నీకేం పనులున్నాయి గనక" అని చిన్నకోడలిని పురమాయించారు.

డాక్టరమ్మ యాభై దాటిన మనిషి, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. "ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"పది నెలలు" అంది పెద్దకోడలు. అనేశాక తెలిసింది. మామగారు పోయి ఎనిమిది నెలలు. పక్క కుర్చీలో చిన్నకోడలు కదల్లేదు. అంగుళాల్లో భాగాలు నోటిలెక్కన చెప్పే మనిషికి ఎనిమిదికీ పదికీ తేడా తెలియకపోదు.

డాక్టరమ్మ చేతికి అద్దమిచ్చి, కింది రెప్ప కొంచెం లాగి చూపించింది. "ఇదిగో, ముక్కు పక్కన, రెప్ప అంచున, సూదిమొనంత చుక్క కనపడుతోందా? బెజ్జం అది. పై రెప్పకొకటి, కింది రెప్పకొకటి. దర్జీవాళ్ళకి బెజ్జాల గురించి నేను చెప్పాలా ఏంటి!"

మొన లేని సన్నటి సూదితో ముందు బాగున్న కుడి కంటి బెజ్జంలోకి నీళ్ళు ఎక్కించింది. "మింగండి. ఏం తెలిసింది?"

"గొంతులో ఉప్పగా తగిలింది."

"అదీ దారి. కన్నీళ్ళు ఏడిస్తేనే వస్తాయనుకుంటారు. రోజంతా ఊరుతూనే ఉంటాయి. రెప్ప కొట్టినప్పుడల్లా ఈ బెజ్జాల్లోంచి చిన్న సంచిలోకి, అక్కణ్ణుంచి గొట్టంలోంచి ముక్కులోకి, గొంతులోకి దిగుతాయి. మనం మింగేస్తుంటాం, మనకే తెలీదు."

ఎడమ కంటికీ అలాగే చేసింది. కింది బెజ్జంలోకి పోసిన నీరు పై బెజ్జంలోంచి తిరిగొచ్చి చెంప మీదికి జారింది. గొంతులో ఏమీ తగల్లేదు.

"మూసుకుపోయింది. సింకు కింద పైపు మూసుకుపోతే ఏమవుతుంది? నీళ్ళు పైకి పొంగుతాయి. ఇదీ అంతే. మీకు బాధ కలిగినా కారుతుంది, పెళ్ళి భోజనం చేస్తున్నా కారుతుంది. ఏడుపుకీ దీనికీ ఏం సంబంధం లేదు."

పెద్దకోడలు అద్దం దించలేదు. అద్దం దించితే పక్కకి చూడాలి.

చిన్నకోడలే అడిగింది. "మరి పైపు బాగున్నవాళ్ళు ఏడిస్తే బయటికి రావాండీ?"

"భోరుమని ఏడిస్తే ఆ దారి చాలదు, చెంపల మీదికొస్తాయి. నలుగురిలో అదిమిపెట్టుకుని ఏడ్చేవాళ్ళకి చాలామటుకు లోపలికే పోతాయి. కళ్ళు పొడిగానే ఉంటాయి, ముక్కు కారుతుంది. జనం చూసి జలుబనుకుంటారు."

చిన్నకోడలు నవ్వింది. "మా ఇంట్లో అందరూ జలుబు మందు నాకే ఇస్తారండీ!" డాక్టరమ్మ కూడా నవ్వింది. నవ్వాక చిన్నకోడలు కిటికీ వైపు తిరిగి, ఒకసారి ముక్కు ఎగబీల్చింది.

తిరుగుదారిలో చుక్కల మందుకి పెద్దకోడలికి అంతా మసకగా ఉంది. చిన్నకోడలు మోచెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. "మెట్టుందక్కా. సైకిలొస్తోంది, ఆగు." అంతా తెలిశాక కూడా తనకి దారి చూపిస్తోంది అనుకుంది పెద్దకోడలు.

"ఆ రోజు నువ్వు..." అంది.

"ఏ రోజు?"

"ఆ రోజేనే."

"జలుబన్నాగా."

పదడుగులు వేశాక చిన్నకోడలే మళ్ళీ అంది, ఎటో చూస్తూ. "వంటింట్లో పంపు తిప్పేసి నిలబడ్డాను. కడిగిన గ్లాసులే ఎన్నిసార్లు కడిగానో నాకే తెలీదు. సర్లే, చూసి నడు, గుంట ఉంది."

ఆ సాయంత్రమే పెద్దకోడలు అత్తగారి దగ్గరికెళ్ళింది. ఆవిడ వెనక గదిలో కూర్చుని గుండీలు రంగులవారీగా ఏరి డబ్బాల్లో వేస్తున్నారు.

"అత్తయ్యా, ఆ రోజు నేను ఏడవలేదు. నా కంటి దారి మూసుకుపోయింది. డాక్టరమ్మ చెప్పింది. చిన్నదే ఏడ్చింది."

చెబుతుంటే సిగ్గుకి మొహం వేడెక్కింది. కన్ను ఇంకా కారింది. అత్తగారు తన చేతిగుడ్డతో ఆ చెంప తుడిచారు. "అయ్యో పిచ్చిదానా, దాన్ని వెనకేసుకు రావడానికి నీ ఏడుపునే కాదంటున్నావా? ఇంత మంచితనం పనికిరాదే నీకు" అన్నారు.

ఇంకో మాట చెప్పాలి. నీలం కోటు గురించి, ఆ హాయి గురించి. పెద్దకోడలు నోరు తెరిచి, మూసేసింది. నిజం చెప్పేశాను, నమ్మకపోతే నా తప్పేముంది అనుకుంది. ఆ అనుకోవడం ఎంత చవకో అప్పుడే తెలిసింది. అయినా చెంప మీద ఆ గుడ్డ ఎంత మెత్తగా ఉందంటే, ఇంకో నిమిషం అలాగే ఉండిపోయింది. రెండు రోజుల్లో మైకు నాలుగిళ్ళకు చాటింది. పెద్దకోడలు ఎంత గొప్పదంటే, తోడికోడలి కోసం నిందని తన నెత్తినేసుకుందట!

ఆపరేషను చేయించుకుంది. ముక్కు పక్క ఎముకలో చిన్న దారి తొలిచి, అది పూడిపోకుండా సన్నటి గొట్టం పెట్టారు. వారానికి కుట్లు విప్పారు. విప్పకముందు అద్దంలో చూసుకుంది. నాలుగు కుట్లు, ఒకే ఎడంలో. మామగారు చూస్తే "ఈసారి ఫరవాలేదు" అనేవారు. రెండు నెలలకు గొట్టం కూడా తీసేశారు. ఎడమ చెంప పొడిగా ఉంది. ఎంత పొడిగా అంటే, ఇన్నాళ్ళూ ఒరుసుకుపోయిన చోట చర్మం రేగి గరుకుగా తగిలింది.

మర్నాడు పొద్దున్న, దుకాణం ఇంకా తెరవలేదు. అత్తగారు కటింగ్ బల్ల పక్కన కూర్చుని ఉన్నారు. "హమ్మయ్య, దుఃఖం తీరింది నీకు. ఆయన కూడా సంతోషిస్తారు" అన్నారు.

పెద్దకోడలు ఆవిడ ఎదురుగా నిలబడింది. "అత్తయ్యా, నా కన్ను చూడండి. పొడిగానే ఉందా?"

"ఉందే. ఏం?"

"అయితే ఇప్పుడు వినండి. మామయ్య పోయిన రోజు మీ పక్కన కూర్చుని నేను నీలం కోటు గుండీల గురించి ఆలోచిస్తున్నాను. ఇంక కుట్లు విప్పించేవాళ్ళు లేరు అనుకున్నాను. హాయిగా అనిపించింది."

అత్తగారు బల్ల అంచు పట్టుకున్నారు.

"కన్ను అప్పటికి రెండు నెలల నుంచీ కారుతోంది. మామయ్యకి తెలియకుండా దాచాను. పెద్దత్తయ్య చిన్నదాన్ని అన్నప్పుడు దాని తీరే అంత అన్నాను. అది వంటింట్లో పంపు తిప్పుకుని ఏడుస్తోందప్పుడు. ఆ కత్తెర దానిది, మామయ్య ఇచ్చింది."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

పెద్దకోడలు రాత్రే చాలా జవాబులు సిద్ధం చేసుకుంది. భయమేసిందని, సమయం దొరకలేదని, ఒకసారి చెప్పినా మీరే నమ్మలేదని. అవన్నీ పక్కనపెట్టింది.

"బాగుంది అత్తయ్యా. మీరందరూ అలా అంటుంటే బాగుంది."

గాజు తలుపు బయట పాలవాడి సైకిల్ గంట మోగింది. అత్తగారు చెయ్యి చాపారు. "బీరువా తాళం ఇటివ్వు."

ఆవిడే తెరిచారు, ఆవిడే గుడ్డ విప్పారు. కత్తెర పట్టుకుని మెట్ల దగ్గరికి నడిచారు. మోకాళ్ళ నొప్పులతో ఏడాదిగా ఆ మెట్లు ఎక్కలేదు. పెద్దకోడలు చెయ్యి అందిద్దామని ఒక అడుగు వేసి ఆగిపోయింది. పద్నాలుగు మెట్లు. ఒక్కో మెట్టుకీ ఆగడం, రొప్పడం, కత్తెర పిడి గోడకి తగిలి టక్కుమనడం, అన్నీ కింద నిలబడి విన్నది. పైన తలుపు తెరుచుకుంది. తర్వాత మాటలు వినపడలేదు. చాలాసేపటికి, ఎవరో పంపు తిప్పిన చప్పుడు.

అత్తగారు దిగి వచ్చాక ఒక్క మాట కూడా తిట్టలేదు. కానీ నా తల్లి, నా కూతురు అనడం మానేశారు. "ఏమ్మాయ్, దీపం వెలిగించు", "ఏమ్మాయ్, ఆ డబ్బా అందుకో" అంతే. మైకు ఫోన్ చేసినప్పుడు స్పీకరులో పెట్టి, పెద్దకోడలి ముందే జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పారు. మొదటిసారి మైకు నోట మాట పడిపోయింది. పెద్దకోడలు గుండీ కుడుతూ తల ఎత్తకుండా విన్నది. వినవలసినదే అనుకుంది.

చిన్నకోడలు వెంటనే రాలేదు. అక్కడ ఒప్పుకున్న పని పూర్తిచేసి, నెల మారాక వచ్చింది. కత్తెర బల్ల మీద పెట్టి, కాగితం ముక్క కోసి చూసింది. కత్తెర నోరు ఒకచోట పట్టేసింది.

"తుప్పు పట్టించావు కదక్కా!"

"అవును."

"నేను నీ కోసం రాలేదు. ఇది పాడైపోతుందని వచ్చాను. ముందే చెబుతున్నా."

"సరే."

చిన్నకోడలు నూనెగుడ్డతో కత్తెర అలుగులు తుడిచింది. మడత విప్పి బట్ట పరిచింది, టేపు వేసింది, సుద్ద తీసింది. ఆమె చేతి సుద్ద బట్ట మీద నడిచే చప్పుడు పది నెలల తర్వాత మళ్ళీ వినపడింది. పెద్దకోడలు తన మిషను దగ్గర కూర్చుని చేతిలోని కాజా చూసుకుంది. వంకరగా వచ్చింది. ఎవరూ చెప్పకుండానే విప్పడం మొదలుపెట్టింది. రెండు కుట్లు విప్పేసరికి గొంతులో, నాలుక వెనక ఉప్పగా తగిలింది. ముక్కు ఎగబీల్చింది.

బల్ల దగ్గరి మనిషి తల తిప్పలేదు. "జలుబా?" అంది.

పెద్దకోడలు చెంప తడుముకుంది. పొడిగానే ఉంది.

"ఊఁ" అంది.

చిన్నకోడలు బల్ల మీద నుంచి ఒక మెత్తటి పీలిక తీసి, గీస్తున్న గీత ఆపకుండానే, ఎడమ చేత్తో ఆమె వైపు విసిరింది.